పడవ అతుకుల మీద పసుపు

మా బావ పోయాడు. పసుపు మార్కెట్‌లో కాంటా దగ్గర నిలబడి ఉండగా నాకు కబురు తెచ్చారు. పొద్దున చాయ్ తాగి, కొలిమి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. పనిలో ఉండగా పిలిస్తే ఎవరికీ పలికే మనిషి కాదు. యముడికి ఎట్లా పలికాడో నాకింకా అర్థం కావడం లేదు.

ఆర్మూర్‌లో ఆయన చేయి పడని కడాయి తక్కువ. పచ్చి పసుపు ఉడికించే ఆ పెద్ద ఇనుప కడాయిలను రేకులు అతికి, రివిట్లు కొట్టి చేసేవాడు. ఆ విద్య నేర్చింది మాత్రం బొంబాయిలో, ఓడలు కట్టే కార్ఖానాలో. మా అక్కను చేసుకున్నాక తిరిగొచ్చి ఇక్కడే కొలిమి పెట్టాడు. ఓడల సంగతి అడిగితే సుత్తి పక్కన పెట్టేసేవాడు. పూర్వం ఓడంటే అంతా కట్టేనట. ఫిరంగి గుండ్లకు తట్టుకోవాలని దాని మీద ఇనుప పలకలు బిగించారు. తర్వాత లోపల కట్టె మాత్రం ఎందుకని, ఇనుప పక్కటెముకలు నిలబెట్టి వాటికే పలకలు కొట్టారు. ఇదంతా ఆయన రెండు ముక్కల్లో తేల్చేవాడు: "ముందుగాల కట్టె ఓడకు ఇనుప అంగి తొడిగిండ్రు. అటెన్క అంగే ఓడ అయింది."

నవీపేట్ దగ్గరి గోదావరి రేవుకు ఇనుప పడవ చేస్తానంటే జనం నవ్వారు. సూదే మునుగుతుంది, అంత ఇనుము తేలుతుందా అన్నారు. బావ వాదించలేదు. కొత్త కడాయి ఒకటి చెరువులోకి తోయించి, అందులో కూర్చుని తీరిగ్గా బీడీ కాల్చాడు. నేనూ ఎక్కుతానంటే, బామ్మర్ది ఎక్కితే కడాయి కాదు, తన సంసారం మునుగుతుందన్నాడు.

పడవ తేలింది. అయినా జనాన్ని ఎక్కించే ముందు ప్రతిసారీ లోపలి అతుకుల వెంట పొడి పసుపు చల్లి, బీడీ కాలేంతసేపు చూసేవాడు. ఎక్కడ చెమ్మ ఊరినా అక్కడ పసుపు ముదురు రంగుకు తిరుగుతుంది. బొంబాయిలో దీనికి సుద్ద వాడేవారట. ఆర్మూర్‌లో పసుపుకేం కొదవ అనేవాడు. కొత్తవాళ్లు అది పూజ అనుకుని దండం పెట్టేవారు. ఆయన వద్దనేవాడు కాదు.

నా పెళ్లి అవతలి ఒడ్డున. బాజాలతో ముప్పై మందిమి రేవుకు చేరాం. బావ పసుపు చల్లాడు. మూడో పక్కటెముక దగ్గర ఒక రివిట్ చుట్టూ గోరంత మేర రంగు మారింది. లగ్నం దాటిపోతుందని మా నాయన మండిపడ్డాడు. నీళ్లు తోడుకుంటూ పోదామన్నారు పడవవాళ్లు. ఆ రివిట్ కొట్టింది బావే. మాట మింగేస్తే ఎవరికీ తెలియదు. ఆయన అందరి ముందూ నిలబడ్డాడు.

"తప్పు పడవది గాదు, నాది. జర ఆగుండ్రి. లగ్నం ఇంకోటి దొరుకుతది."

పడవను ఒడ్డుకు లాగించి రివిట్ ఊడదీస్తే, దాని కింద రేకు జానెడు చీలి ఉంది. చిన్న కొలిమి రాజేసి అతుకు వేసేసరికి పొద్దు వాలింది. మరుసటి లగ్నానికి పెళ్లయింది. చీలికను కళ్లారా చూసి కూడా ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ మాట ఆయనకు చెప్పనే లేదు.

పదో రోజు అక్కకు పసుపు కుంకుమలు తీశారు. మర్నాడు అస్థికలు కలపడానికి అదే రేవుకు, అదే పడవ దగ్గరికి వెళ్లాం. కుండతో నేను ఎక్కబోతుంటే అక్క ఆగమంది. కొంగుముడి విప్పి పసుపు తీసింది. ఇక నువ్వు పసుపు ముట్టకూడదని మా పెద్దమ్మ ఆమె చేయి పట్టుకుంది.

"గిది నా ముఖానికి గాదు, పడవకు" అంది అక్క. "చూడకుండ ఆయన ఎన్నడన్న ఎవర్నన్న ఎక్కనిచ్చిండా?"

పెద్దమ్మ చేయి వదిలేసింది. అక్క వంగి అతుకుల వెంట, చివరి దాకా, పసుపు చల్లింది. బీడీ కాలేంతసేపు అందరం ఒడ్డునే నిలబడ్డాం. పడవ కింద గోదావరి పోతూనే ఉంది. పసుపు పచ్చగానే ఉంది.