మా ఆవిడ పుస్తకం ఉన్న డబ్బా

నాకు ఓపిక తక్కువ. ఎవరో అంటున్న మాట కాదు, నేనే ఒప్పుకుంటున్నాను. హన్మకొండలో ఇరవై రెండేళ్లు డీటీపీ షాపు నడిపాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు. కంప్యూటర్ కాస్త మొరాయించిందంటే మా లైన్‌లో అన్ని రోగాలకూ ఒకటే మందు, మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించడం. పెళ్లివారు కౌంటర్ ముందు నిలబడి గోల చేస్తుంటే ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

షాపులో అసలు టైపిస్టు మా ఆవిడ. పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌లో తెర వైపు చూడకుండా కొట్టేది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు, అన్నం తిని, తన కోసం ఏదో టైపు చేసుకునేది. అలా ఆరేళ్లు. ఏమిటని అడిగితే, "మా అమ్మ గురించి రాసుకుంటున్న. నీకెందుకు?" అంది. నేను మళ్లీ అడగలేదు. మూడు వందల పేజీలు దాటిందని మాత్రం ఒకసారి చెప్పింది.

తర్వాత షుగర్ ఆమె కళ్లను తినేసింది. రెండు ఆపరేషన్లు అయ్యాక కూడా వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. షాపు మూసేసి ఇంట్లోనే చిన్నాచితకా పని చేసుకుంటున్న రోజుల్లో ఒకనాడు అడిగింది, "నేను రాసింది జర సదివి వినిపిస్తవా?" అని. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి నన్ను అడిగిన పనులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చిక్కేమిటంటే, ఆ ఫైళ్లు ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోవు. ఇంకెందులో తెరిచినా తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలూ చుక్కలూ పిచ్చిపిచ్చిగా కనిపిస్తాయి. ఆ సాఫ్ట్‌వేరేమో కొత్త కంప్యూటర్‌లో ఎక్కదు. పాత కంప్యూటర్ డిస్కు టకటకమని కొట్టుకుంటోంది. అందులోంచి ఆమె ఫోల్డరునూ సాఫ్ట్‌వేర్‌నూ పెన్‌డ్రైవ్‌లోకి ఎలాగో లాగాను. మరుసటి రోజు పెడితే డిస్కు తిరగనే లేదు, పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

వీడియోలు చూసి ఒక దారి పట్టాను. కొత్త కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ వేసుకుని, అందులో కంటెయినర్ అనేది ఒకటి తయారు చేసుకుంటే, దాని లోపల పాత విండోస్ ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌ను నమ్మించవచ్చు. లోపల దానికి సొంత సీ డ్రైవ్, సొంత ఫాంట్లు ఉంటాయి. నేను దాన్ని డబ్బా అనేవాణ్ణి. దీనికి మౌస్ పనికిరాదు. నల్ల తెర మీద కమాండ్లు టైపు చేయాలి. డబ్బా పుట్టించడానికి ఒక లైను, నడపడానికి ఒకటి, చెరిపేయడానికి ఒకటి.

మూడు రోజులు అదే పని. సాఫ్ట్‌వేర్ ఎక్కేది కాదు, లేదా ఎక్కి ఆగిపోయేది. నేను డబ్బా చెరిపేసి అదే పేరుతో ఇంకోటి పుట్టించేవాణ్ణి. చెరిపే ప్రతిసారీ, నిజంగానే చెరిపేయాలా అని కంప్యూటర్ అడిగేది. ఇన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతుందేమిటని ఒళ్లు మండి, అడగకుండా చెరిపేసే పద్ధతి ఏదో వెతికి ఆ లైనుకు తగిలించాను. ఆ తర్వాత టైపు చేసే పని కూడా లేదు. పైకి బాణం మీట నొక్కితే పాత లైను వచ్చేస్తుంది, ఎంటర్ కొడితే అయిపోతుంది.

నాలుగో రోజు పొద్దున సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. పెన్‌డ్రైవ్‌లోంచి ఆమె ఫోల్డరును కట్ చేసి డబ్బా లోపలి సీ డ్రైవ్‌లో పెట్టాను. కాపీ కాదు, కట్. అది మా షాపు నియమం. ఒకే కార్డుకు రెండు ఫైళ్లుంటే దిద్దని పాతదే అచ్చుకు పోతుంది. ఒకసారి అలాగే తమ్ముడి పెళ్లికి అన్న పేరుతో కార్డులు అచ్చయి, ఆ ఇంటివాళ్లు నన్ను కొట్టినంత పని చేశారు. అప్పటి నుంచి ఏ ఫైలైనా ఒక్కచోటే ఉండాలని నేనే నియమం పెట్టాను.

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పేజీ చదివాను. "మిరపకాయల సీజన్‌లో అమ్మ మా ముఖాలు ముట్టేది కాదు. ఎనుమాముల మిర్చి యార్డులో కూలి చేసి వచ్చి ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా చేతుల మంట పోయేది కాదు. అందుకని మమ్మల్ని మోచేతులతో దగ్గరికి తీసుకునేది." ఇలాంటిది రాస్తోందని నాకు ఆరేళ్లూ తెలియదు. పేజీ అయిపోగానే ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఇయ్యాలకు చాలు. రోజుకో పేజీ సదువు," అంది.

మర్నాడు తెరిస్తే ఒత్తులు మాయమయ్యాయి. అమ్మ అన్నచోటల్లా అమ అని ఉంది. ఫాంటు ఎక్కడో చెడింది. దాన్ని ఒక్కదాన్నే సరిచేస్తే పోయేది. ఆమె వంటింట్లోంచి, "కూసోవాల్నా?" అని అడుగుతోంది. నాకు చిరాకెత్తింది. బాణం, ఎంటర్. డబ్బా పోయింది. కొత్తది పుట్టించాను, సాఫ్ట్‌వేర్ ఎక్కించాను, ఒత్తులు వచ్చాయి. ఫైలు తెరుద్దామని ఫోల్డరు కోసం చూస్తే సీ డ్రైవ్ ఖాళీగా ఉంది.

నేను చెరిపేసిన డబ్బాతో పాటే అదీ పోయింది. "ఫాంటు కుదురుతలేదు, రేపు సదువుదాం," అన్నాను.

కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని చౌరస్తా దగ్గర రిపేరు చేసే అతని దగ్గరికి పోయాను. "ఇది ఎస్‌ఎస్‌డీ అన్నా, పాత డిస్కు లెక్క కాదు. ఇండ్ల చెరిపిందంటే చెరిపినట్టే. ఇంకో కాపీ లేదా?" అన్నాడు. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. దానిలో ఈలోపు ఎవరివో ఫ్లెక్సీ ఫొటోలు నిండా ఎక్కించేశాను. రెండు రోజులు జల్లెడ పట్టి ముప్పావు పేజీ ముక్కొకటి తీశాడు. తెరిస్తే మా పాత బిల్లు బుక్కు నమూనా. ఆ పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆ షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దారిన పోయేవాళ్లు చూస్తున్నారని తెలుసు, ఆపుకోలేకపోయాను.

తొమ్మిది రోజులు ఆమెకు అబద్ధాలు చెప్పాను. తొమ్మిదో రోజున ఇంకా నీచమైన పని కూడా చేశాను. మా అత్తను నేనూ ఎరుగుదును కదా, రోజుకో పేజీ నేనే అల్లి చదివితే ఈమెకేం తెలుస్తుందనుకున్నాను. నిజంగానే కూర్చుని పది లైన్లు రాశాను. పైకి చదువుకుంటే పెళ్లికార్డు మీది మాటల్లా ఉన్నాయి. వాటిని చెరిపేసి వంటింట్లోకి పోయి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చేతులు ఆగలేదు. "మొత్తమా?" అంది. మొత్తం అన్నాను. "ఇంకోటి దాసిపెట్టలేదా?" లేదన్నాను. తిట్టమన్నాను. తిట్టలేదు. ఆ పూట అన్నం తినలేదు, అంతే.

వారం పోయాక నేనే బతిమాలాను. "నువ్వు చెప్పు, నేను కొడత. రెండు వేళ్లతోనైనా కొడత. మళ్ల మొదటి నుంచి రాద్దాం." చివరికి ఆమె వచ్చి పక్కన కూర్చుని మొదలుపెట్టింది.

"ఒకనాడు వాన పడి యార్డుల మిర్చంత తడిసింది. పని బందు పెట్టిన్రు. అమ్మ పగటిపూటనే ఇంటికొచ్చింది. గట్ల రాంగ నేనెన్నడు సూడలె. వచ్చి నన్ను..."

ఆగింది. నేను వేళ్లు కీబోర్డు మీదే పెట్టుకుని ఎదురుచూశాను. ఆమె నుదురు ముడిపడింది, పెదాలు కదిలాయి.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతది యాదికొస్తలేదయ్యా," అంది. "మర్సిపోతననే గద రాసిపెట్టుకున్న."