మూడు లెక్కపెట్టాక అరిచే ఇంజను

పదవీ విరమణ చేసి బందరు వచ్చి స్థిరపడినప్పుడు, మా వీధిలో నేను రైలు డ్రైవర్నని చెప్పుకున్నాను. ముప్పై ఏళ్లు గుడివాడ పాసింజరు నా చేతి మీదే నడిచిందన్నాను. తుఫాను రోజున దాన్ని వెనక్కి నడుపుకుంటూ పెడన చేర్చానని కూడా అన్నాను. ఎవరూ కాదనలేదు.

నిజానికి నేను గేట్‌మ్యాన్‌ని. కవుతరం స్టేషనుకు కిలోమీటరు దూరంలో గేటు వేసి, జెండా పట్టుకుని నిలబడ్డవాణ్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఓడల్లో పనిచేసే మా తమ్ముడు సింగపూరు నుంచి జానెడు బొమ్మ డీజిల్ ఇంజను, కాసిని పట్టాలు, దాన్ని నడిపే నాబ్, బొత్తాలున్న పెట్టె తెచ్చాడు. ఇంజను కడుపులో డీకోడర్ అని గోరంత పలక. మోటారుకు కరెంటు ఎంత ఇవ్వాలో, ఇంజను ఎలా అరవాలో చెప్పేది అదే. దానికి మనం నంబర్లు నేర్పాలి. నేర్పకపోతే బండి బెదిరిన దూడలా ఒక్క గెంతు గెంతుతుంది.

ఆ గెంతు నన్ను కూర్చోనివ్వలేదు. మొదటి కదలికకు పెట్టిన నంబరు ఒకటి పెంచితే ఉరుకుతుంది, ఒకటి తగ్గిస్తే మూలుగుతూ నిలబడిపోతుంది. అన్నం ముందు నుంచి లేచి వెళ్లి మార్చేవాణ్ని. ఏడాది తపస్సు చేశానని వీధిలో చెప్పాను. ఏడాది కాదు, పందొమ్మిది రోజులు.

"జెండా పట్టుకుని గంటలు నిలబడ్డ మనిషి, పీట మీద క్షణం కూర్చోలేరేంటండీ," అంది మా ఆవిడ. జెండా మాట మెల్లగా అనమని బతిమాలాను. ఎదురింట్లోకి అద్దెకు దిగినాయన అసలు సిసలు రిటైర్డు డ్రైవరు. మా లైనులోనే చేశాడు. ఆదివారం నా బండి చూడటానికి వస్తానని కబురు పెట్టాడు. వీధిలో నా పరువు ఆ జానెడు ఇంజను మీద ఉంది.

ఆదివారం ఆయన్ని కిరాణా కొట్టాయన దగ్గరుండి మరీ తీసుకొచ్చాడు. "ఇద్దరూ ఒకే లైనులో చేశారు, ఒక్కసారీ ఎదురుపడలేదా?" అన్నాడు, పల్లీలు నములుతూ.

నాబ్ తిప్పాను. ఇంజను చీమలా కదిలింది, కుదుపు లేదు. మనసులో మూడు లెక్కపెట్టి శబ్దం బొత్తాం నొక్కాను. గుర్రుమంది.

"నడక బ్రహ్మాండంగా ఉంది. ఇంకోసారి కానివ్వండి," అన్నాడు డ్రైవరు. మళ్లీ నడిపాను. ఆయన తల పక్కకి వంచాడు. "బావగారూ, హ్యాండిల్ ఒక నాచ్ తిప్పితే ముందు ఇంజను అరుస్తుంది, తర్వాత కదా బండి కదిలేది. మీది కదిలాక అరుస్తుందేంటి?"

"నేనెప్పుడూ అలాగే విన్నానండీ."

"ఎక్కణ్ణుంచి?"

ఆయన మామూలుగానే అడిగాడు. కొట్టాయన మాత్రం నమలడం ఆపాడు. గేటుకీ స్టేషనుకీ మధ్య అన్నీ వరిచేలే, అడ్డేమీ లేదు. ముందు స్టేషన్లో బండి కదలడం కనబడేది, కిలోమీటరు దూరం నుంచి చప్పుడు తీరిగ్గా, మూడు లెక్కపెట్టాక వచ్చేది. ముప్పై ఏళ్లు అలాగే చూశాను. నంబర్లన్నీ దిద్దిన నాకు ఈ తేడా తట్టనే లేదు.

"గేటు దగ్గర్నుంచి," అన్నాను. "నేను డ్రైవర్ని కాదండీ."

"మరి తుఫాను రోజు వెనక్కి నడిపింది?" అన్నాడు కొట్టాయన.

"నా సైకిల్ని. గాలికి తొక్కలేక నడిపించుకుంటూ వెళ్లాను."

డ్రైవరు నా మొహం కేసి చూశాడు. "కవుతరం అవతలి గేటా? గది మీద సొరపాదు ఉండేది."

"అవునండీ."

"హారన్ కొట్టమని పాతిన బోర్డు కంటే ముందు నాకు ఆ పాదే కనబడేది. అది చూసే హారన్ కొట్టేవాణ్ని."

ఆ తర్వాత వారం రోజులు వీధిలో అందరూ నన్ను డ్రైవరు గారూ అని గట్టిగా పిలిచారు. అసలు డ్రైవరు మాత్రం రోజూ సాయంత్రం వస్తున్నాడు. నాబ్ నాది, బొత్తాం ఆయనది. నేను తిప్పకముందే నొక్కేస్తాడు. ఆగమంటాను, ఆగడు.

మొన్న ఆయన మొక్కు తీర్చుకోవడానికి మోపిదేవి వెళ్లాడు. రెండూ నేనే పట్టుకున్నాను. నాబ్ తిప్పి, ఒకటి, రెండు, మూడు అనుకుని నొక్కాను.

"గేటు వేశారా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

వేశానన్నాను. అదీ అబద్ధమే. పట్టాల పక్కకి అట్టముక్క కోసి పెట్టాను గానీ, బొమ్మ గేటింకా అతికించలేదు.