సలోమీ టీచరుగారి పది జతలు

ఇస్త్రీ బండి రోజూ తొమ్మిది గంటలకి మా వీధి మలుపులో ఆగుతుంది. నూలు గుడ్డ మీద నీళ్ళు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనించగానే చుయ్‌మని ఆవిరి లేస్తుంది. గంజి, బొగ్గు, తడిసిన నూలు మూడూ కలిసిన వాసన అది. కిటికీలోంచి ఆ వాసన వచ్చిందంటే సలోమీ టీచరుగారి కొట్టు తలుపు ఎవరో తీసినట్టే ఉంటుంది నాకు.

మొన్న ఆ వాసన వచ్చే వేళకి పేపరు చదువుతున్నాను. ఎవరో పట్నం అమ్మాయి రెండు సంస్కృతులని కలిపి ఆడవాళ్ళ బట్టలు తయారుచేసిందట. ఇంతవరకూ ఎవరికీ తట్టని ఆలోచన అని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు, పాపం ఆమెకేం తెలుసు, రాసినవాళ్ళ మీద. ఎవరికీ తట్టలేదా? రాజోలు బస్టాండు వెనక రేకుల కొట్టులో, ఉద్యోగ విరమణ చేసిన ఒక కుట్టు టీచరు ఇరవై ఏళ్ళ కిందటే ఆ పని చేసి చూపించారు. పేపర్లో పడకపోతే జరగనట్టేనా? ఆమెని చూడనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను అయిదో తరగతితో బడి మానేసిన వాణ్ణి. కిరాణా పొట్లాలు విప్పి వాటి మీది అచ్చు చదివి, తరవాత గ్రంథాలయంలో బీరువాల వెంట పడి, చదువు నాకు నేనే చెప్పుకున్నాను. అందుకే ఎవరి దగ్గరా ఏదీ నేర్చుకోనక్కర్లేదని ఒక పొగరుండేది. చొక్కాలు, పంట్లాలు కుట్టేవాణ్ణి. మా వైపు పెళ్ళికొడుకులు సగంమంది నా చేతి చొక్కాలతోనే పీటల మీద కూర్చున్నారు. తీరా రెడీమేడు కొట్లు వచ్చి పడ్డాక, సంచిలో పెట్టిచ్చే చొక్కా వేసుకుని చంకలో పట్టేస్తోందని నా దగ్గరకే బాగుచేయించుకోవడానికి వచ్చేవారు. నాలుగు తిట్టి పంపేవాణ్ణి. అలా తిడుతూ తిడుతూనే కొట్టు మూసేశాను. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు.

ఆ వారంలోనే సలోమీ టీచరుగారు మా ఇంటికొచ్చారు. ఆడపిల్లల హాస్టలు బడిలో ముప్ఫై ఏళ్ళు కుట్టు నేర్పిన మనిషి. పొట్టిగా, తెల్లచీరలో, చేతిలో ఎప్పుడూ గొడుగుతో ఉండేవారు. కాఫీ వద్దని మజ్జిగ తాగి, ఆడవాళ్ళ బట్టలు కుడతారా అని నెమ్మదిగా అడిగారు. నాకు రోషం వచ్చింది. నేను మగవాళ్ళ టైలర్నండి అన్నాను.

"ఆయ్, తెలుసండి సూర్యంగారూ," అన్నారావిడ. "మగవాళ్ళకి జేబులు బాగా కుడతారని విన్నానండి. ఆడవాళ్ళకీ దాచుకునేవి ఉంటాయి కదండీ."

లోపలనుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. మర్నాడు నా కత్తెర తీసుకుని ఆ రేకుల కొట్టుకి వెళ్ళాను.

అక్కడ పదకొండుమంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని లేసు అల్లుతున్నారు. మా లంకల్లో ఈ పని ఎప్పటినుంచో ఉంది. మొదట దొరసానులు నేర్పారంటారు. నేర్పినవాళ్ళు వెళ్ళిపోయారు, అల్లేవాళ్ళు మిగిలారు. చిన్న కొక్కెం సూది, తెల్లదారపు ఉండ, అంతే సరంజామా. గుమ్మంలో కూర్చుని పిల్లల్ని కేకలేస్తూ, చూడకుండానే పువ్వులు పూయించేవారు. బల్లల మీద పరిచే గుడ్డలకి ఆ లేసు విదేశాలకి పోయేది. ఉన్నట్టుండి కొనే ఏజెంటు రావడం మానేశాడు. ఒక్కొక్కరే కాట్రేనికోన వైపు రొయ్యల షెడ్లకి పోవడం మొదలుపెట్టారు. రోజంతా ఐసులో చెయ్యి పెడితే ఇక ఆ వేళ్ళు కొక్కెం సూది పట్టవు. టీచరుగారి బెంగ అదే. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఈ అల్లిక ఎరిగిన చేతులు ఉండవు అనేవారు. హైదరాబాదులో ఆడవాళ్ళ బట్టల కొట్టు నడిపే ఒకావిడకి ఉత్తరం రాశారు. పది జతలు చూపించండి, నచ్చితే పని ఇస్తానని ఆవిడ జవాబిచ్చింది. ఆ పది జతల మీదే పదకొండుమంది ఆశ పెట్టుకున్నారు.

ఆ పది జతల్లో మా ఊరి రెండు వీధులూ ఉండాలని టీచరుగారి పట్టుదల. క్రైస్తవుల పేటలో ఆడవాళ్ళకి తెలుపంటే పండగ. ఆదివారం గుడికి, చర్చిని మా వైపు గుడే అంటారు, తెల్లచీర, పెళ్ళికూతురికీ తెల్లచీర. రైతుల వీధిలో పెళ్ళికూతురంటే పసుపుబట్టలు, ఎర్రంచు, జరీ. అక్కడ ఉత్త తెలుపు కడితే ఇంట్లో ఏం జరిగిందని అడుగుతారు. ఒకరి సంతోషం రంగే ఇంకొకరి దుఃఖం రంగు. రెంటినీ కలిపి కుట్టాలి, ఏ వీధి తల్లీ మొహం తిప్పుకోకూడదు అన్నారు. అయ్యే పని కాదన్నాను. "ముందు చూసొద్దామండి," అని ఆ ఆదివారం నన్ను గుడికి పంపి, తాను రైతుల వీధిలో పెళ్ళికి వెళ్ళారు. ఎవరికి ఏ చోటు తెలియదో అక్కడికే వాళ్ళు వెళ్ళాలట.

నేను జన్మలో గుడి లోపలికి వెళ్ళలేదు. చివరి చాప మీద కూర్చున్నాను. ఎవరో పెద్దావిడ పాటల పుస్తకం చేతిలో పెట్టింది. పాడలేక, ఊరికే కూర్చోలేక, పని మీద పడ్డాను. ప్రార్థన వేళ ఆడవాళ్ళు తల మీద కొంగు కప్పుకుంటారు. పట్టుకొంగు రెండు నిమిషాలకోసారి జారుతోంది. అంచుకి లేసున్న కొంగు జుట్టుని పట్టుకుని కదలకుండా ఉంది. కళ్ళు మూసుకోకుండా కొంగులు లెక్కపెడుతున్న మగవాణ్ణి చూసి ఎవరేమనుకున్నారో తెలియదు గాని, నాకంటే ముందే కబురు ఇంటికి చేరింది. గుమ్మంలోనే మా ఆవిడ, బాప్తిస్మం తీసుకుని కొత్త పేరేం పెట్టుకున్నారని అడిగింది.

టీచరుగారు పెళ్ళిలో ఊరుకోలేదట. బంతిలో పులిహోర వడ్డించి మరీ వచ్చారు. వడ్డించేటప్పుడు అందరూ కొంగు బొడ్లో దోపుతారు కాబట్టి కొంగు బరువుగా ఉండకూడదు. చేతినిండా గాజులు కాబట్టి జాకెట్టు చేతి చివర లేసు పనికిరాదు, చిక్కుకుంటుంది. ఈ సంగతి ఆవిడ చెప్పేసరికే నేను అలాంటి జాకెట్టొకటి కుట్టేసి ఉన్నాను. పారేయబోతే, ఉంచండి, తప్పులు కూడా దాచుకోవాలి అన్నారు.

అలా మొదలైంది. ఉత్త తెలుపు కాకుండా గంజిరంగు నూలు బండార్లంకలో నేయించాం. దానికి ఎర్రంచు, కొంగుకి సన్నటి లేసు. జాకెట్లకి లేసు మోచేతి పైన, చివర నేత అంచు. ఓణీలు, పొడుగు గౌన్లు, గౌన్లకి జేబులు. పదోది మాత్రం తెల్లచీరే, చిలకాకుపచ్చ అంచుతో, నాలుగు మూలలా లేసు పువ్వులతో. ఆ పువ్వులు అల్లింది రత్నమ్మ, వాళ్ళందరికీ పెద్ద. మూడు నెలలు పట్టింది.

ఇక నా తప్పు. మా ఇళ్ళల్లో కొత్తగుడ్డకి మూలన పసుపు ముట్టించకుండా ఎవరూ కట్టరు. నేను పసుపు ముట్టించకుండా కత్తెర పెట్టను. మగవాళ్ళ చొక్కాల్లో ఆ చుక్క కుట్టు మడతలోకి పోతుంది, ఎవరికీ కనిపించదు. చేతి అలవాటుకొద్దీ ఆ తెల్లచీర లేసు మూలలకీ ముట్టించేశాను. లేసుకి మడత ఎక్కడిది? హైదరాబాదు ఆవిడ వచ్చేందుకు మూడు రోజులుందనగా, చేతిమురికి పోవాలని రత్నమ్మ ఆ చీరని సోడాసబ్బుతో ఉతికింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది కదా. నాలుగు మూలలా నాలుగు ఎర్ర మరకలు.

రత్నమ్మ తడిచీర తెచ్చి నా మిషను మీద పెట్టింది. ఎవరు చేశారని గట్టిగా కూడా అడగలేదు. పసుపు నేనే పెట్టానని ఒప్పుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. పసుపు శుభం, విషమేం కాదని వాదన కూడా వేసుకున్నాను.

"మీకు శుభమండి, కాదన్లేదు," అంది రత్నమ్మ. "మూడు నెల్లు నా చేత్తో అల్లేనండి. నన్నో మాటడిగేరా?"

ఆమె సూది కింద పెట్టేసింది. ఆమెని చూసి మిగతా పదిమందీ పెట్టేశారు. ఇంక మేం అల్లమని ఒకరు, షెడ్డుకే పోతామని ఒకరు. అప్పుడే గొడుగు మూస్తూ టీచరుగారు వచ్చారు. చీర మూల చేతిలోకి తీసుకుని వాసన చూశారు. నన్ను పక్కకి పిలవలేదు, అందరి ముందే చెప్పారు.

"పసుపు తప్పు కాదండి సూర్యంగారూ. ఎర్రబడ్డం కూడా తప్పు కాదు. అడక్కుండా పెట్టేరు చూడండి, అదీ తప్పు. కత్తెర మన చేతిలో ఉంది కదాని గుడ్డ మనదైపోదండి."

ఇంకొకరి దాని మీద అడక్కుండా చెయ్యి వేసేవాళ్ళ గురించి పేపర్లో చదివి జీవితమంతా మండిపడ్డవాణ్ణి. నేనే ఆ పని చేశాను. రత్నమ్మ వైపు తిరిగి, అడగాల్సింది, అడగలేదమ్మా అన్నాను. ఆమె, అయితే మీరే వదిలించండి అంది.

హాస్టలు పిల్లల బట్టలు ముప్ఫై ఏళ్ళు చూసిన టీచరుగారికి మరకల చదువు బాగా తెలుసు. నిమ్మరసం పిండితే ఎరుపు తిరిగి పసుపవుతుంది, ఆ పసుపుని ఎండ తినేస్తుంది. పక్కింటి డాబా మీద చీర పరిచి రెండు రోజులు కాకుల్ని తోలుతూ కూర్చున్నాను. యాభై రెండేళ్ళ మనిషిని, నెత్తిన తువ్వాలు, చేతిలో కర్ర. మధ్యాహ్నం రత్నమ్మ మజ్జిగ చెంబుతో పైకొచ్చి, ఆ మూల ఇటు తిప్పండి మాస్టరుగారూ, నీడ పడుతోంది అనేది. రెండోరోజు సాయంత్రానికి మూడు మూలలు పాలలా తేలాయి. నాలుగోదానిలో తెలిసి చూస్తే తప్ప కనిపించని లేతఛాయ మిగిలింది. ఇంకోసారి నిమ్మరసం పిండబోయాను. రత్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనివ్వండి. మీకూ ఓ మూల కావాలి కదండీ," అంది.

హైదరాబాదు ఆవిడ మర్నాడు కారులో వచ్చింది. చేతికి డజనుకి తక్కువ లేవు గాజులు. పది జతలూ తిప్పి తిప్పి చూసింది. నచ్చాయని మొహం చెబుతోంది. కాని లేసు జాకెట్టు చేతి చివరికి మార్చాలంది, ఫోటోలో అక్కడే కనబడుతుందట. మారిస్తే పని ఇస్తానంది. పదకొండుమంది కొక్కెం సూదులూ ఆగాయి. సరేనండి అనే మాట నా నాలిక చివరదాకా వచ్చింది. టీచరుగారు మాత్రం పెట్టెలోంచి నేను మొదట చెడగొట్టిన జాకెట్టు తీసి, ఒకసారి వేసుకు చూడండమ్మా అన్నారు. ఆవిడ చెయ్యి దూర్చింది. గాజులు లేసులో చిక్కుకున్నాయి. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. రత్నమ్మ ఆవిడ పక్కన చతికిలబడి కొక్కెం సూదితో ఒక్కొక్క గాజూ విడిపించింది. సగం గాజులు విడిపోయేసరికి ఆవిడ నవ్వేసింది. మీరు పెట్టిన చోటే ఉంచండి అంది.

పదిలో ఎనిమిది తీసుకుని పని ఇచ్చింది. అన్నిటికంటే ముందు జేబుల గౌనే. తెల్లచీర అమ్మకానికి వద్దంది, తనకోసం పక్కన పెట్టించుకుంది. ఆ తరవాత షెడ్లకి వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చారని రాస్తే అబద్ధమవుతుంది. ఇద్దరు వచ్చారు. కాని చాపల మీద ఉన్న పదకొండుమందిలో ఒక్కరూ పని వదిలి షెడ్డుకి పోలేదు. అప్పటినుంచి కొత్తగుడ్డ విప్పితే పసుపు ఎక్కడ పెట్టాలో రత్నమ్మ వేలితో చూపించేది, కుట్టు మడతలోకి పోయే చోట. తరవాత ఆవిడ ప్రార్థన చేసేది. ఆవిడ ఆమెన్ అనేసరికి నా టీ చల్లారిపోయేది. అదొక్కటే నా ఫిర్యాదు. టీచరుగారు అది చూసి నవ్వుకుంటూ ఇంకో పదకొండేళ్ళు ఆ కొట్టు నడిపారు. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోంచేసి పడుకుని, లేవలేదు. ఇప్పుడు కొట్టు రత్నమ్మది. నేను కత్తిరింపులకి వెళ్తుంటాను.

నా కోపం తగ్గలేదు. డెబ్భై దాటాక తగ్గుతుందని ఎవరో రాయగా చదివాను, అదీ అబద్ధమే. కాని ఎవరి గుడ్డ చేతిలోకి తీసుకున్నా నోరు ముందు అడుగుతుంది, తరవాతే చెయ్యి కదులుతుంది. అది టీచరుగారు పెట్టిన బుద్ధి.

పోయిన వారం కొట్టుకి ఒక పెళ్ళికూతురు వచ్చింది. రైతుల వీధి పిల్ల, పెళ్ళికొడుకు పేట కుర్రాడు. వెంట ఇద్దరు తల్లులు. బల్లకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఒకరు తెలుపంటారు, ఒకరు ఎరుపంటారు, ఇద్దరూ నాతోనే చెబుతారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. ఒకప్పుడైతే ఇద్దరికీ నాలుగు చీవాట్లు పెట్టి నా ఇష్టం వచ్చింది కత్తిరించేవాణ్ణి. చీర విప్పి చెరో చివరా ఇచ్చాను. కొలవాలి, లేచి పట్టుకోండమ్మా అన్నాను. లేచారు. మధ్యలో గుడ్డ వాలిపోతుంటే ఇంకాస్త లాగండన్నాను. లాగారు. మీకేది ఉండకూడదో చెప్పండని అడిగితే, ఉత్త తెలుపు మాత్రం వద్దండి అందొకావిడ. మరీ ఎరుపు వద్దండి అంది రెండో ఆవిడ. మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చాక్‌పీసు పట్టుకుని పిల్ల వైపు తిరిగాను.

"నీకేం కావాలమ్మా?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని చాన్నాళ్ళుగా కాచుకున్నట్టుంది, వేళ్ళు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చింది. తల్లులిద్దరికీ జబ్బలు నొప్పెట్టి ఉంటాయి. చీర మాత్రం ఎవరూ వదల్లేదు.