అవ్వ మూత తీయని సీసా

ఈ ఏడాది ఆయుధపూజకు పీట మీద అన్నీ సర్దాక మా అత్త రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. పీట మీద మా ఆయన స్పానరు, పిండి రుబ్బే గ్రైండరు రాయి, నా కూరగాయల కత్తి, మా తమ్ముడి ఆటో తాళంచెవి, వాటి మధ్యలో మూతికి దూది బిగించిన ఒక గాజు సీసా. సీసా అడుగున జున్నులా పేరుకున్న జిగురు, దాని మీద వేలెడంత అరటి మొక్క. "నేను ముట్టలేదు, చూసుకోండి. మళ్లా నా మీద పెట్టొద్దు" అంది అత్త, ఎవరూ అడగకుండానే. సెలవుకు వచ్చిన నా బిడ్డ పడీ పడీ నవ్వి ముసలామె బుగ్గ గిల్లింది. ఆ నవ్వు చూశాక ఇదంతా చెప్పాలనిపించింది. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు. మాట అటూ ఇటూ పోతే మీరే సర్దుకోవాలి.

మాది తిరుత్తణి. మురుగన్ కొండ మెట్లకు దగ్గర్లో నాకు ఇడ్లీ కొట్టు ఉంది. కావడి మోసేవాళ్లయినా, గుండు చేయించుకుని చందనం పూసుకున్నవాళ్లయినా, చిత్తూరు బస్సు దిగి కళ్లు నులుముకుంటూ వచ్చినవాళ్లయినా, కొండ దిగాక అందరికీ ఆకలి ఒకటే. మా ఆయన తిరువళ్లూరు పక్కన ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పని చేసేవాడు. బిడ్డ బడికి పోతున్న రోజుల్లోనే గుండె ఆగి పోయాడు. ఆయన తల్లి, అంటే మా అత్త, నా దగ్గరే ఉండిపోయింది. చట్నీకి కొబ్బరి కోరుతూ, వచ్చేపోయేవాళ్లను తిడుతూ కొట్టుకు ఆమే అందం.

బిడ్డ ప్లస్ టూ అయ్యాక నర్సు చదువుకు సీటు దొరకలేదు. తిరువళ్లూరు కాలేజీలో చెట్ల చదువుకు, అదే బాటనీకి, దొరికింది. మొదటి ఏడాదంతా రైల్లో పోయి రావడం, ముఖం ముడుచుకోవడం. "ఆకుల పేర్లు బట్టీ కొట్టేదేమ్మా, ఇంకేముంది?" అనేది. వాళ్ల అవ్వ ఊరుకుంటుందా? "ఆకులు నాకూ తెలుసు గదే. కరివేపాకు, కొత్తిమీర, పుదీన. నాకూ ఒక డిగ్రీ ఇమ్మను" అనేది.

రెండో ఏడాదిలో ఏం జరిగిందంటే, వాళ్ల మేడమ్ ఒకామె సీసాలు కడగడానికి పిల్లలను పిలిచిందట. కాలేజీ వదిలాక రైలుకు ఎలాగూ చాలాసేపు ఉంటుంది కదా, ఖాళీగా కూర్చోవడం ఎందుకని మా పిల్ల పోయింది. ఇంట్లో గ్లాసు కడగమంటే గ్రైండరు చప్పుడు కంటే పెద్దగా గొణిగే పిల్ల, అక్కడ ఊరి సీసాలన్నీ కడిగింది. మర్నాడూ పోయింది. తర్వాత రైలు తప్పిపోవడం మొదలైంది. ఒకటి పోతే తర్వాతది, అదీ పోతే ఆ తర్వాతది. నాకు భయం పట్టుకుంది. ఆ వయసు పిల్ల రోజూ ఆలస్యంగా వస్తే తల్లి మనసు ఎక్కడికి పోతుందో మీకు చెప్పక్కర్లేదు. గట్టిగా నిలదీస్తే, "అరటి పిలక కోస్తున్నామ్మా" అంది. అరటి పిలక కోయడానికి కాలేజీ ఎందుకు, మన వెనకింటివాళ్ల దొడ్లో లేవా అన్నాను.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. పిలకను పొర తర్వాత పొర ఒలుచుకుంటూ పోతే లోపల గోరంత తెల్లటి మొన మిగులుతుందట. ఆ మొనను జిగురు పోసిన సీసాలో పెడితే అదే మొక్కవుతుంది, ఒకటి నాలుగవుతుంది. కానీ గాలిలో ఉండే బూజు ఒక్క రవ్వ లోపలికి పోయినా అంతా పాడు. అందుకని సీసాలను కుక్కరులో ఉడకబెడతారట, కత్తిని మంటలో కాలుస్తారట. కుక్కరు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది, మనకు తెలిసిన వస్తువు ఒకటి ఉందని. అయితే ఆ సంతోషం నిలవలేదు. ఆ రోజు నుంచి నా కొట్టులో ఆమె పెత్తనం మొదలైంది. "అమ్మా, ఆ గరిటె బండ మీద పెట్టినావు. మళ్లా పిండిలో పెడతావేంది?" అని కేక. మా అత్త నొచ్చుకుంది. "మేము తిని బతకలేదా? నిన్ను కనలేదా?" అని రెండు రోజులు అలిగింది, ఇడ్లీలు మాత్రం మానలేదు.

ఒక సాయంత్రం బిడ్డ స్టేషను నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. రొప్పుతోంది, జడ ఊడిపోయింది, ఎవరైనా వెంటపడ్డారేమోనని నేను గరిటె పట్టుకునే బయటికొచ్చాను. "అమ్మా, పచ్చబడిందే!" అంది. నాకు అర్థం కాలేదు. "నేను పెట్టిన మొనమ్మా. తెల్లగా ఉండె. ఈ పొద్దు పచ్చబడింది. నేను కోసింది, నా చేత్తో!" కొట్టులో తింటున్నవాళ్లంతా చూస్తున్నారు. ఒక కావడి ఆయన చెయ్యి ఆకులోనే పెట్టుకుని "పిల్ల పాసయిందామ్మా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక అవునన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సరిగ్గానే చెప్పాను.

మూడో ఏడాదికి చిక్కు వచ్చింది. మా తమ్ముడు ఆటో నడుపుతాడు, పదిమందితో పరిచయం. గుమ్మిడిపూండి కంపెనీ ఒకదాంట్లో మేనకోడలికి ఉద్యోగం మాట్లాడుకుని వచ్చాడు. పరీక్షలు అయిన వెంటనే చేరాలి, విజయదశమి లోపల మాట ఇవ్వాలి. "ఏసీ రూము అక్కా, కూర్చునే పని. వాళ్ల బస్సే వచ్చి ఎక్కించుకోని పోతాది. నీ కాళ్లకు ఇంకన్నా విశ్రాంతి ఇయ్యి" అన్నాడు. పొయ్యి ముందు నిలబడి నిలబడి నా కాళ్లలో నరాలు తాళ్లలా తేలాయి. నాకూ ఆశ పుట్టింది. బిడ్డ మాత్రం నేల చూస్తూ, "మదరాసులో పెద్ద ల్యాబులో ట్రైనింగుంది మామా. మా కాలేజీ నుంచి ఒక్కరినే పంపిస్తారు. ఎవరి మొక్కలు నిలబడితే వాళ్లని. అదీ పరీక్షలు అయినాకే" అంది. రెండూ ఒకే సమయానికి వచ్చి పడ్డాయి.

అప్పుడే ఆయుధపూజ సెలవులు వచ్చాయి. కాలేజీలో కరెంటు పనులని ల్యాబు మూసేశారు. మేడమ్ బిడ్డను నమ్మి, "ఇంట్లో ట్యూబులైటు కింద పెట్టు, ఒక్కటి కూడా తెరవొద్దు" అని సీసాలు ఇచ్చి పంపింది. అట్టపెట్టెను రైల్లో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మా అత్త చూసి, చదువుకునే పిల్ల పనిముట్లు పూజలో పెట్టకపోతే సరస్వతికి కోపం వస్తుందంది. సరే, బయటి గాజుకు చందనం పెట్టుకో, అంతే అని బిడ్డ ఒప్పుకుంది. పూజ అయింది, ఆటో ముందు గుమ్మడికాయ కొట్టడమూ అయింది. నేను, బిడ్డ వీధిలో బొరుగులూ శనగలూ పంచడానికి పోయాం.

తిరిగొచ్చేసరికి మా అత్త ముఖం వెలిగిపోతోంది. "పాపం, పసి మొక్కలు. మూతులు బిగించి పెట్టినారే, ఊపిరాడేదెట్ట? అన్నిటికీ దూది తీసి, కొండ మింద అభిషేకం పాలు తలా ఒక చుక్క పోసినా. మురుగన్ చల్లగా చూస్తాడు" అంది.

బిడ్డ అట్లాగే కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు, అదే నాకు భయమేసింది. మూడో రోజుకు సీసాలన్నిట్లో బూజు లేచింది. తెల్లది, నల్లది, పచ్చది, దూది ముక్కల్లా. మా తమ్ముడు చూసి, "సరి, సామే చెప్పినాడు. మాట ఇచ్చేస్తా" అన్నాడు. బిడ్డ ఆ మాట వినలేదు. అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, "ఫస్టు ఏది తీసినావు? పాలు ముందా, దూది మళ్లా పెట్టేటప్పుడు చెయ్యి తగిలిందా?" అని మెల్లగా ఒక్కో సీసా ఎత్తి అడుగుతోంది. ముసలామె కళ్లు తుడుచుకుంటూ, కోర్టులో సాక్షిలా జవాబులు చెబుతోంది. అంత నష్టంలోనూ నా బిడ్డ ఆ బూజును దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది, పక్కింటి పసిబిడ్డను చూసినట్టు.

"ఒకటి తక్కువుందే" అంది ఉన్నట్టుండి.

మా ఆయన ఫోటో ముందు ఒక సీసా ఉంది. అత్త దాన్ని కొడుకు వాటాకని పెట్టింది. దేవుడి పాలను చనిపోయినవాళ్లకు పెట్టినదాంట్లో కలపకూడదని మా ఇళ్లలో పట్టింపు. అందుకని దాని జోలికి పోలేదు. దూది బిగించినట్టే ఉంది, లోపల మొక్క పచ్చగా ఉంది. "నా కొడుకు కాపాడినాడు!" అని అత్త గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "మూత తీయలేదవ్వా, దానికే" అంది బిడ్డ. కాసేపటికి సీసాను ఫోటో దగ్గరగా పట్టుకుని, "థాంక్స్ నాయనా" అని కూడా అంది. నేను విన్నాను.

విజయదశమి దాటిన రెండో రోజు కాలేజీ తెరిచారు. తమ్ముడు మాట ఇవ్వడానికి రెండు రోజులు గడువు అడిగి ఉన్నాడు. మేడమ్‌కు ముసలామె తరఫున నాలుగు మాటలు చెప్పుకుందామని క్యారియరులో ఇడ్లీలు పెట్టుకుని నేనూ తిరువళ్లూరు పోయాను. ల్యాబు ముందు చెప్పులు విడవమన్నారు. ఇదీ గుడిలాగే ఉందే అనుకున్నాను. మేడమ్ అంతా విని కోప్పడలేదు. "పాడైపోని సీసా ఏ ల్యాబులోనూ లేదమ్మా. పాడైన మర్నాడే ముందుగా వచ్చి నిలబడింది నీ కూతురు. అదిగో చూడు" అంది అరవంలో.

అద్దం అవతల నా బిడ్డ వీపు కనబడింది. తెల్లకోటు, తలకు గుడ్డ. గాజు పెట్టెలోకి చేతులు పెట్టి, పక్కన నీలం మంట. ఆ ఒక్క మొక్కను చీల్చి కొత్త సీసాల్లోకి మార్చుతోంది. పిలిచాను, వినలేదు. మెడ కొంచెం ఎడమకు వంచి, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ నిలబడింది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. కొత్తగా పెళ్లయినప్పుడు మా ఆయనకు అన్నం తీసుకుని వర్క్‌షాపుకు పోతే, లేత్ ముందు ఆయన మెడ కూడా అచ్చం అట్లాగే ఉండింది. పిలిస్తే తిరగలేదని అలిగాను కూడా. ఇనుము నున్నగా వచ్చాక తిరిగి, "ఎప్పుడొచ్చినావు?" అన్నాడు, ముఖమంతా వెలుగుతో. నా బిడ్డ కూడా ఆఖరి సీసాకు దూది పెట్టి, మంట ఆర్పి, తిరిగింది. "ఎప్పుడొచ్చినావమ్మా?"

ఇంటికి రాగానే తమ్ముడితో చెప్పాను. "మాట ఇయ్యొద్దురా."

"నీకేమన్నా పిచ్చా అక్కా? నీ కాళ్లు చూసుకున్నావా?"

"చూసుకున్నా. ఇంకా నిలబడే ఉండాయి."

వాడు గుమ్మిడిపూండివాళ్లకు ఏం చెప్పుకున్నాడో, కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నాడు. ఆ ఒక్క సీసా మాత్రం ఊరుకోలేదు. ఒకటి రెండు సీసాలయింది, రెండు నాలుగయింది. చలి పోయి ఎండలు వచ్చేసరికి ల్యాబులో ఒక అర నిండా నా బిడ్డ మొక్కలే. మిగతా పిల్లల సీసాల్లో సగం బూజు పట్టాయట. నా బిడ్డకు బూజు ఎటు నుంచి వస్తుందో కంటితో తెలుసు, వాళ్ల అవ్వ చలవ. మదరాసు సీటు తనకే వచ్చింది.

ఆ కబురు మొదట విన్నది తమ్ముడే, స్టేషను దగ్గర ఆటోలో. కొట్టు దాకా హారను కొట్టుకుంటూ వచ్చాడు. ముభావం ఎటు పోయిందో పోయింది. స్టాండులో అందరినీ ఆపి, "మా అక్క కూతురు గాజుసీసాలో అరటితోట ఏసిందిరా! మీ యబ్బలు ఎవురన్నా ఏసినారా?" అని అడిగాడు. ఆ సాయంత్రం కొట్టుకు వచ్చిన ఏ యాత్రికుడి దగ్గరా నేను చెయ్యి చాపలేదు. తిన్నంత తిని పోయారు.

ట్రైనింగు అయింది, పెద్ద చదువు అయింది. ఇప్పుడు ఆ మదరాసు ల్యాబులోనే పరిశోధన చేస్తోంది. సీసాల్లోంచి కుండీల్లోకి మారి గట్టిపడిన మొక్కలు కొన్ని తమ్ముడే ఆటోలో, బేరాలు వదులుకుని, మా దొడ్లోకి తెచ్చి నాటాడు. మొదటి గెలను కొండకు పంచామృతానికి పంపాం. కాయ తిన్న మా అత్త పెదవి విరిచి, "నా పాలచుక్క తగిలింటే ఇంకా తియ్యగుండును" అంది. ఈ ఏడు పూజ అయ్యాక కూడా బొరుగులు నములుతూ సీసా వంక ఓరగా చూస్తూ కూర్చుంది. బిడ్డ ఆమె చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకుపోయింది, కొత్తగా లేచిన పిలకలు చూపించడానికి. నేను స్పానరుకు ఇంకొక చందనపు బొట్టు పెట్టి, గుమ్మంలో నిలబడి వాళ్లిద్దరినీ చూశాను. గడిచిపోయిన కాలం ఎక్కడికి పోతుందో నాకు తెలియదు గానీ, మా దొడ్లో మాత్రం అది ఏటేటా పిలకలు వేస్తోంది.