కోడలి సంచిలో లైటరు

మా కింది వాటా వాళ్ళ కోడలు మందుల పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. వెంట్రుకంత సన్నటి గాజుగొట్టంలోకి మందు పంపి, కరెంటు పెట్టి, అందులో ఏమేం కలిశాయో విడదీసి చూడటం ఆవిడ పని. గొట్టం విరక్కుండా పైన గోధుమరంగు పూత ఉంటుంది. లోపల ఏముందో కనిపెట్టే వెలుతురు గొట్టంలోకి పోవాలంటే ఒకచోట ఆ పూతను లైటరుతో కాల్చి తుడిచెయ్యాలి. లైటరు ల్యాబులో వదిలితే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. అందుకే అది సంచిలో, కమురు వాసన జుట్టులో.

ఆ రోజు కొత్త గొట్టం బిగించింది. ఆ గాజు గోడది జిడ్డు బుద్ధి. దాటిపోయే మందులోని ప్రోటీన్‌ను పట్టుకుందంటే వదలదు. పొద్దుట్నుంచీ కాస్టిక్ సోడాతో కడగడం, నీళ్లతో కడగడం, మళ్ళీ చూడటం. మందు మొదటిసారి గొట్టం దాటి వచ్చిన సమయానికి రెండోసారి రాదు. సాయంత్రం ఇల్లు చేరి, చెప్పులు విప్పే ఓపిక లేక మెట్ల మీదే కూలబడింది.

మామగారు పిల్లిలా వచ్చి పక్కన కూర్చున్నారు. గుండె ఆపరేషనయ్యాక ఆయన చేత సిగరెట్లు మాన్పించిన డాక్టరు, "ఇంకొక్కటి కాల్చినా నా దగ్గరికి తీసుకురావద్దు" అని కోడలికే చెప్పాడు.

"అమ్మాయ్," గొంతు తగ్గించారు. "ఒకటుంటే ఇలా పడెయ్యి."

"ఏంటి మావయ్యా?"

"నా దగ్గర దాపరికమెందుకు? లైటరు చూశాన్లే. నీ జుట్టు వాసనేంటని మీ అత్తయ్య అడిగితే, బస్సు పొగని నేనేగా సర్దిచెబుతున్నది! ఆమాత్రం విశ్వాసం ఉండొద్దూ?"

కోడలికి నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. సంచి అడుగున ఉన్న గొట్టం ముక్క తీసి, లైటరుతో కాల్చి, రుమాలుతో తుడిచింది. గోధుమరంగు మధ్య ఆవగింజంత గాజు మెరిసింది.

"ఇంతేనా!" ఆయన మొహం వాడిపోయింది. కాసేపటికి, "దీంతోనా ఇంత అలిసిపోయావు?" అన్నారు.

"గోడకి పట్టింది ఓ పట్టాన వదలదు మావయ్యా. రోజూ కడుగుతూనే ఉండాలి. కొంచెమే కదా అని ఊరుకున్నామా, మళ్ళీ మొదటికే."

మామగారు లైటరు అందుకుని వెలిగించారు. మంటను ఆకలిగా చూశారు. తర్వాత బొటనవేలు తీసి ఆర్పేశారు.

"ల్యాబులోనే తాళం వేసి పెట్టుకో తల్లీ. నా కంట పడనీయకు."

కోడలు తలూపి, గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. ఆయన మోచేత్తో పొడిచారు.

"అది సరే, బస్సు పొగ కాదని మీ అత్తయ్యకెవరు చెప్తారు? నీ ముక్కుకి కట్టుకోడానికని గుడ్డలు కుడుతోంది. అప్పుడే అరడజనయ్యాయి."

ఇదంతా కోడలే నాకు చెప్పింది, అరడజనులో ఒకటి నా చేతిలో పెడుతూ. పువ్వుల గుడ్డ.