సమ్మె రోజుల్లో వియత్నాం అన్నం

2011 సెప్టెంబరు 19, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలకు జనగామ చౌరస్తాకు కాస్త ఇవతల మా ఆటో ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి విద్యార్థులు వంటావార్పు చేస్తున్నారు. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు. పెద్దవంగర దగ్గరి మా తండా నుంచి పాలకుర్తికి ఒక ఆటోలో, అక్కడి నుంచి మరో ఆటోలో వచ్చాను. జనగామలో రైలెక్కి హైదరాబాదు చేరుకుంటే, అక్కడి నుంచి విమానం వియత్నాంకు.

వరి సాగు, తిండి, జీవన విధానం చూసి రావడానికి వివిధ జిల్లాల విద్యార్థులతో ఏర్పాటైన యాత్ర అది. మా డిగ్రీ కళాశాల నుంచి ఇద్దరిని ఎంపిక చేశారు: నన్నూ, రేగొండకు చెందిన నా స్నేహితురాలినీ. సమ్మె మొదలయ్యాక ఆమె రానని చెప్పింది. నన్ను మాత్రం ఆగమనలేదు. మా ఇంట్లో కళాశాల చదువు వరకు వచ్చింది నేనొక్కదాన్నే. కూలికి బొంబాయి దాకా వెళ్లి వచ్చిన మా బాపు, బిడ్డ విమానం ఎక్కబోతోందని తండా అంతా చెప్పుకున్నాడు. వెళ్లాలనే నిశ్చయించుకున్నాను. అయితే ఆమె స్నేహం పోగొట్టుకోకుండా వెళ్లి రావాలన్నదే నా కోరిక. ఆమె పెద్ద రైతుల ఇంటి పిల్ల. తండాకు బయట నాతో ఒకే కంచంలో తిన్న మొదటి మనిషి.

పొయ్యి దగ్గరున్న మా కళాశాల అన్న ఒకడు నన్ను బంతిలో కూర్చోబెట్టాడు.

"తిని పో చెల్లె. గా వియత్నాంల కప్పలు పెడ్తరట."

"పెడితే తింటదిలే. పొయి జై తెలంగాణ అనమను, సాలు," అన్నాడు పక్కనున్నవాడు.

వడ్డిస్తున్నది నా స్నేహితురాలే. నా విస్తరి దగ్గరకు వచ్చినప్పుడు గరిటె ఆగలేదు. అన్నం పక్కవారి విస్తరిలో పడింది. బంతిలో ఒకరిని దాటి వడ్డించడమంటే ఏమిటో మా వైపు ఎవరికీ వివరించనక్కరలేదు. లేచి స్టేషనుకు నడిచాను.

వియత్నాంలో హనోయ్ నగరానికి కొంత దూరంలోని పల్లెలో, ఇంటికి ఇద్దరి చొప్పున మమ్మల్ని ఉంచారు. నాతో ఉన్న అమ్మాయి కోస్తా జిల్లా నుంచి వచ్చింది.

"మీవాళ్లు బస్సులాపేస్తారు, మీరేమో విమానం ఎక్కేస్తారు. బాగుందండీ మీ ఉద్యమం," అంది మొదటి రోజే, నవ్వుతూ. నేను ఏదో చెప్పబోతే నా యాసలోనే తిరిగి పలికి వినిపించింది. ఆ తరువాత నేను అవసరానికి మించి మాట్లాడలేదు. ఇంట్లో లంబాడీ, ఊళ్లో మా తెలుగు, పరీక్షల్లో పుస్తకాల తెలుగు: మూడు భాషలు తెలిసి కూడా పగలంతా మౌనంగా ఉండేదాన్ని.

ఒక ఉదయం అక్కడివారు పాలు ఇంకా ఆరని వరిని కోస్తుంటే చూశాను. మా బాపు చూస్తే కొడవలి లాక్కునేవాడు. ఆ పచ్చి గింజలను ఇనుప మూకుడులో వేయించి, దంచి, చెరిగి, తామరాకుల్లో పొట్లాలు కట్టారు. లేత ఆకుపచ్చ అటుకులు. తియ్యగా, మెత్తగా ఉన్నాయి. నా స్నేహితురాలి కోసం ఒక పొట్లం సంచిలో పెట్టుకున్నాను. అది ఆ రోజే తినవలసిన వస్తువని, మర్నాటికి గట్టిపడుతుందని దుబాసీ చెప్పాడు. కాలువ గట్టున కూర్చుని ఒక్కదాన్నే తిన్నాను.

ఆ ఇంట్లో ఒక ముసలమ్మ ఉండేది. భోజనానికి అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చునేవారు. నా గిన్నె ఖాళీ అయితే చాలు, ఆమె అన్నం పెట్టి, తను తినే పుల్లలతో చేప ముక్కను తెచ్చి పైన ఉంచేది. చాలని ఎలా చెప్పాలో తెలియక ఒక రోజు మా ఇంటి పద్ధతి పాటించాను. గ్లాసులోని నీళ్లు గిన్నెలో పోసి, అందులో చెయ్యి కడిగాను. మా దగ్గర కంచంలో చెయ్యి కడిగితే భోజనం ముగిసినట్టే.

"అయ్యో, గిన్నెలో కడుగుతారేంటండీ?" అంది తోటి అమ్మాయి.

ముసలమ్మ గిన్నె వంక చూసి, తీసుకుని లోపలికి వెళ్లింది. గిన్నె మురికిగా ఉండి నేను అలా చేశాననుకున్నట్టుంది. శుభ్రంగా తోమి తెచ్చి, నిండా అన్నం పెట్టింది. కడుపులో చోటు లేకపోయినా తిన్నాను. ఇల్లు విడిచాక నన్ను ఇంకొంచెం తినమన్నది ఆమె ఒక్కతే.

తిరిగి వచ్చేసరికి సమ్మె ఇంకా సాగుతూనే ఉంది. మర్నాడే ఆటోలు మారుతూ రేగొండ వెళ్లాను. ఆమె చేనులో పత్తి ఏరుతోంది.

"అచ్చినవా," అంది తల ఎత్తకుండా.

"నిన్న అచ్చిన. నీకు చెప్పాల్నని శానా ఉన్నై."

"చెప్పు మరి."

నేనూ పత్తి ఏరుతూ అన్నీ చెప్పాను. గిన్నె సంగతి దగ్గర ఆమె నవ్వింది.

"గిన్నెల చెయ్యి కడిగినవా? నీ పాడుగాను. దేశం ఇజ్జత్ తీసినవ్ గదనే."

ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకున్నాను. "నేను పోయిన అనేనా నీకు గంత కోపం?"

"పోయినందుకు గాదు."

"మరేంది?"

"నేను రానన్న. నువ్వు ఇంకోపారి అడుగుతవనుకున్న."

"సమ్మె కోసం ఆగినవు గద. అడిగితే బాగుంటదా అనుకున్న."

"సమ్మె కోసమే ఆగిన. అడిగినా రాకపోదును. అయినా అడుగుతరు గద."

ఆమె ఒడి నిండిన పత్తిని గట్టున పోయడానికి వెళ్లింది. నేను చీకటి పడకముందే బయలుదేరాను.

ఆ తరువాతి ఏడాది ఆమె చదువును హన్మకొండకు మార్చుకుంది. నేను జనగామలోనే డిగ్రీ పూర్తి చేశాను. రాష్ట్రం వచ్చాక నాకు మహబూబాబాద్‌లో వ్యవసాయ శాఖలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఎక్కడైనా కలిస్తే ఆమే, నేనూ క్షేమ సమాచారాలు అడుగుతాం. అంతకు మించి మాట్లాడుకోం.