కామేశం వెతికిన చెవులు

మా కామేశం ఎవరు ఎదురుపడినా ముందు వాళ్ళలో కోతిని వెతుకుతాడు. బాగున్నారా అని అడగడు, వాన పడిందా అని అడగడు. మెడ కాస్త పక్కకి వంచి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, చెవులో చేతులో పళ్ళో చూస్తాడు. చూసి, జారిపోయిన ఉంగరం దొరికినట్టు "ఉంది!" అంటాడు. ఏముందో చెప్పడం మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగిపోవాల్సిందే.

వాళ్ళ నాన్నకి మాచవరంలో కిరాణా కొట్టు ఉండేది. ఈయన తక్కెడ ముట్టుకోకుండా పిడుగురాళ్ళలో కాలేజీ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. కాలేజీ వదిలింది గానీ పాఠం వదల్లేదు. మా ఇల్లు ఆయనకి ఎదురిల్లు కాబట్టి ఆ పాఠం నా నెత్తిన పడింది. నేను చదివింది రెండో తరగతి. అయినా ఇప్పుడు నన్ను ఏ పరీక్షకి కూర్చోబెట్టినా పాసవుతాను.

ఒకరోజు మిరపకాయలకి తొడిమలు తీస్తూ అడిగాను.

"ఏమయ్యా కామేశం, మనం కోతుల్లోంచి పుట్టామంటగా?"

"కాదు పుల్లమ్మక్కా. కోతి మనకి తాత కాదు, దాయాది. వాటికీ మనకీ మూలపురుషుడు ఒకడే. ఆయన ఇప్పటి కోతీ కాదు, ఇప్పటి మనిషీ కాదు. ఆయన పిల్లలు వేరుపడ్డారు, ఎవరి దారిన వాళ్ళు పోయారు."

"పంపకాల్లో మనకేం వచ్చినయ్?"

"మాట, రెండు కాళ్ళ నడక."

"వాటికి?"

"తోక."

"తోక తీసుకుని గమ్మునుండక, మా కల్లం మీదకి ఎందుకొస్తన్నాయయ్యా మరి?"

"ఆ పంపకం వాటికి నచ్చలేదేమోనక్కా!"

అప్పటినుంచి బెల్లంకొండ గుట్టల వైపు నుంచి కోతులు దిగితే మా వీధిలో ఎవరూ కోతులొచ్చాయి అనరు. "దాయాదులొచ్చారు, కర్ర తీయండే" అంటారు.

ఆయనతో ప్రయాణం మాత్రం వద్దు తల్లీ. ఒకసారి నరసరావుపేట బస్సెక్కాం. కండక్టరు టికెట్ అని చెయ్యి చాపాడు. ఈయన డబ్బులివ్వకుండా ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"బొటనవేలూ చిటికెనవేలూ కలిపి, మణికట్టు లోపలికి వంచు నాయనా."

వంచాడు. మణికట్టు మధ్యలో తాడులాగా ఒక నరం లేచింది.

"ఉంది! కొమ్మలు పట్టుకుని వేలాడిన కాలం నాటిది. కొంతమందికి అసలు లేకుండా పోయింది. పోయినా లోటేం లేదు."

కండక్టరు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గొంతు తగ్గించి, "సార్, నాకు బదిలీ యోగం ఎప్పుడుంది సార్?" అన్నాడు. అంతే, బస్సులో చేతులన్నీ లేచాయి. కొడుక్కి ఉద్యోగం ఎప్పుడొచ్చుద్దని ఒకామె, బోరులో నీళ్ళు పడతాయా అని ఒకాయన. ఈయన ఎవరి మాటా వినకుండా అందరి నరాలూ చూశాడు. డ్రైవరు కూడా బండి పక్కకి ఆపి చెయ్యి చూపించుకున్నాడు.

ఇంకోసారి బెల్లంకొండలో పెళ్ళికి పోయాం. పెళ్ళికొడుకు ఫోటో కోసం నవ్వితే ఈయన స్టేజి ఎక్కాడు.

"బాబూ, నోరు తెరువు. జ్ఞానదంతాలు వచ్చాయా? రాలేదా? మంచిది! మన దవడలు చిన్నవైపోయాయి, వాటికి చోటు లేదు."

పెళ్ళికొడుకు నాన్న మండిపడ్డాడు. "ఏందండీ ఇది? ఎద్దుకి చూసినట్టు మావోడికి పళ్ళు చూత్తన్నారు!"

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఎద్దునైతే అడక్కుండా చూత్తాం. మీవోణ్ణి అడిగి చూశాడు, సంతోషించండి" అన్నాను. ఆ పూట మాకు విస్తట్లో లడ్డు పడలేదు.

ఈయన పెళ్ళాం సరస్వతిది భూదేవంత ఓర్పు. "పెళ్ళిచూపుల్లో కూడా నా మొహం చూడలేదక్కా. కాఫీ ఇస్తుంటే మణికట్టు చూసి సరేనన్నాడు" అంటుంది.

పోయిన దసరా తర్వాత ఈయనకి పిచ్చి ముదిరిందనుకున్నాను. చేతులు వదిలేశాడు, పళ్ళు వదిలేశాడు, అచ్చంగా చెవుల మీద పడ్డాడు. సెలూన్ ఆనంద్ బాబు నా దగ్గరకొచ్చి మొత్తుకున్నాడు.

"అమ్మమ్మా, నువ్వన్నా చెప్పు సారుకి. ఆయన నెత్తిన కత్తిరించడానికి ఏముంది? అయినా పొద్దున్నే వచ్చి కూర్చుంటన్నాడు. గిరాకీ కుర్చీ ఎక్కగానే ఎనకమాల నిలబడి చెవుల్లోకి తొంగి చూత్తన్నాడు. నిన్న ఒకాయన సగం గడ్డంతో లేచి పోయాడు!"

ఆ తర్వాత సున్నం బట్టీల మస్తాన్‌రావు సంగతి. ఆయన మీసం చూస్తే లారీలు కూడా పక్కకి తప్పుకుంటాయి. కామేశం తిన్నగా ఆయనింటికే పోయి, "మస్తాన్‌రావు గారూ, మీ ఎడమ చెవి అంచున బుడిపె ఉంది. కోతి చెవి కొసదేలి ఉంటుంది చూశారా, ఆ కొస మన చెవిలో లోపలికి ముడుచుకుంది. దాని గుర్తే ఇది" అన్నాడట. కోతి అన్న ముక్క దాకానే మస్తాన్‌రావు విన్నాడు. తర్వాత కుక్కని వదిలాడు.

కామేశం ఒంటికాలి చెప్పుతో వీధిలోకి వచ్చిపడ్డాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఉందక్కా! మస్తాన్‌రావుకీ ఉంది!"

"రెండో చెప్పేదయ్యా?"

"అదీ వాళ్ళ దగ్గరే ఉంది."

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. నా మనవరాలు యశస్విని ఏడో తరగతి. దానికి పుట్టుకతోనే రెండు చెవుల అంచునా బియ్యపుగింజంత బుడిపె. పురిట్లోనే చూసి, "ఇది మా వైపుది కాదు" అని నేను తేల్చేశాను. "మా వైపూ ఎవరికీ లేదత్తయ్యా" అని కోడలు వందన. అలా ఆ చెవుల్ని ఆ వైపుకీ ఈ వైపుకీ ఎన్నేళ్ళు విసురుకున్నామో. ఈలోగా బళ్ళో ఎవరో వెధవ దాన్ని కోతి చెవులన్నాడు. ఇక పిల్ల జడ వేయించుకోవడం మానేసింది. జుట్టు చెవుల మీదికి దువ్వుకుని, పైన చున్నీ చుట్టుకుని, ఎండలు మండే మా పల్నాట్లో మంచుకొండ మీద ఉన్నట్టు తిరిగింది.

ఎండాకాలంలో ఓణీల ఫంక్షన్ పెట్టాం. మా వైపు ఫంక్షన్ అంటే ముందు ఫ్లెక్సీ, తర్వాతే ముహూర్తం. ఫోటో కోసం మాత్రం పిల్లని బతిమాలి చున్నీ తీయించాం. నా కొడుకు శ్రీహరి, పిల్ల బాధపడకూడదని, "చెవులు కాస్త సర్దు బాబూ" అని ఫ్లెక్సీ కొట్టువాడికి చెప్పొచ్చాడు.

ఫంక్షన్ రోజు తెల్లారి చూస్తే సెంటర్లో లారీ అంత ఫ్లెక్సీ. పట్టులంగా బాగుంది, నవ్వు బాగుంది. చెవులు లేవు! అటొక బుట్టకమ్మ, ఇటొక బుట్టకమ్మ గాల్లో వేలాడుతున్నాయి. పాలకి పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూస్తున్నారు. శ్రీహరి ఫోన్ చేసి అరిచాడు.

"ఏందిరా, పిల్లకి చెవులేవిరా?"

"బుడిపె చెరిపితే చెవి గీరుకుపోయింది సార్. అందుకని మొత్తం తీసేసి నీట్‌గా చేశా."

యశస్విని అది చూసింది. లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుంది. చుట్టాలు దిగారు, ఓణీ తెచ్చిన మేనమామ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డాడు, పంతులు టైము చూసుకుంటున్నాడు. లోపలి నుంచి ఒకటే మాట.

"నాన్నక్కూడా నా చెవులంటే సిగ్గే గదా! నేను రాను. ఎవరి ముందూ కూర్చోను."

శ్రీహరి తలుపు పట్టుకుని కూలబడ్డాడు. వందన ఏడుపు. నేను బతిమాలాను, తిట్టాను, మళ్ళీ బతిమాలాను. గడియ కదల్లేదు. నాకు భయం వేసింది. ఈ పూట ఈ తలుపు తియ్యకపోతే, బడికీ పోదు, పెద్దయ్యాక నలుగురిలోకీ రాదు, బతుకంతా ఆ చున్నీలోనే ఉండిపోతుందని.

అప్పుడొచ్చాడు కామేశం, భుజాన తువ్వాలుతో. కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"అమ్మడూ, దసరా సెలవుల్లో నువ్వు నన్నొకటి అడిగావు. జవాబు తెచ్చాను. తలుపు తియ్యక్కర్లేదు. ఈ కిటికీ కాస్త తీసి చూడు, చాలు."

తిన్నగా పందిట్లో పాటలవాళ్ళ దగ్గరికి పోయి మైకు లాక్కున్నాడు.

"పాడే అమ్మాయీ, జుట్టు పక్కకి తియ్యి తల్లీ. ఉంది! వంట మేస్త్రి గారూ, గరిటె దించి ఇటు రండి. కుడి చెవి. ఉంది! ఆనంద్ బాబూ, అందరి చెవులూ చూస్తావు, నీది చూసుకున్నావా? ఉంది! మేనమామ గారూ, పళ్ళెం కింద పెట్టండి..."

జనం టిఫిన్లు వదిలి ఒకరి చెవులు ఒకరు తడుముకుంటున్నారు. "నాకుందేమో చూడవే", "కదలకుండా ఉండు బావా", "అయ్యో, నాకు లేదే!" అని గోల. లేనివాళ్ళు మొహం చిన్నబుచ్చుకున్నారు.

ముందు వరసలో మస్తాన్‌రావు కూర్చుని ఉన్నాడు. కామేశం ఆయన వంక చూశాడు, కుక్క గుర్తొచ్చినట్టుంది, చూపు తిప్పుకున్నాడు. మస్తాన్‌రావు కిటికీ వంక చూశాడు. సందులోంచి పిల్ల కన్ను ఒకటి కనపడుతోంది. మీసం తుడుచుకుని లేచాడు. మైకు తీసుకున్నాడు.

"ఎవడ్రా మా పిల్లని కోతి చెవులన్నది? ఇటొచ్చి నా చెవి చూసి అనమనండి!"

పందిరంతా చప్పట్లు. ఆయన గొంతు తగ్గించి, "మాస్టారూ, మీ చెప్పు మా ఇంట్లోనే ఉంది. పంపిత్తా" అన్నాడు. అదీ మైకులోనే.

"ఇంకొకళ్ళున్నారు" అన్నాడు కామేశం. "ఎన్నో ఏళ్ళుగా నాకు తెలుసు. ప్రాణభయంతో చెప్పలేదు." నా వంక చూశాడు.

"నా వంక చూత్తావేందయ్యా?"

"నెత్తి మీది కొంగు కాస్త జరుపక్కా."

నేను జరపలేదు. నా కోడలు వచ్చి జరిపింది, ఎంతో మర్యాదగా. ముడి పక్కకి తోసి, చెవి వెనక వేలు పెట్టి చూసింది. ఇంటికొచ్చిన నాటినుంచి అది అంత గట్టిగా అరవడం నేను వినలేదు.

"ఉంది!!"

ఫ్లెక్సీ వేయాల్సింది ఆ పూట వందన మొహాన్ని.

కిటికీ రెక్క పూర్తిగా తెరుచుకుంది.

"నాయనమ్మా, నిజంగా నీ నుంచేనా?"

"నా నుంచేనే. ఫంక్షన్‌కి నాయనమ్మ ఏం పెట్టిందని అడుగుతారని, పుట్టినప్పుడే పెట్టేశా. బయటికి రా, నలుగురికీ చూపిద్దాం."

గడియ తీసిన చప్పుడైంది. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చి, జుట్టంతా వెనక్కి తోసుకుని, "అమ్మా, జడ వెయ్యి" అంది. శ్రీహరి ఏదో అనబోతే, "నువ్వు ముందు ఆ ఫ్లెక్సీ దించు నాన్నా" అంది. వాడు పరుగెత్తాడు.

భోజనాల దగ్గర కామేశం పక్కన కూర్చుని అడిగాను. "ఏం అడిగిందయ్యా అది నిన్ను?"

"ఈ చుట్టుపక్కల నా ఒక్కదానికేనా తాతా అని అడిగిందక్కా. కోతి, చెవి, ముడత అని పాఠం చెప్పాను. ఏడుపు ఆపలేదు. దానికి పాఠం కాదు, తోడు కావాలని అర్థమైంది. వెతికాను."

సగం గడ్డాలు, కుక్క, ఒంటి చెప్పు, అన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయన విస్తట్లో ఇంకో లడ్డు వేశాను.

యశస్విని ఓణీ సర్దుకుంటూ వచ్చి ఆయన చెవులు రెండూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తాతా, నీకు లేదే!"

"పంపకాల్లో నాకు రాలేదమ్మా" అన్నాడు కామేశం, నిజంగానే దిగులుగా.

అప్పుడే పందిరి మీద నుంచి ఒక కోతి దిగి, నా విస్తట్లో లడ్డు తీసుకుని గోడెక్కి కూర్చుంది. అందరూ కర్ర అని అరిచారు. దాని కొసదేలిన చెవుల వంక చూసి, నేనే ఆపాను. "పోనీండి, ఇంట్లో శుభకార్యం. పిలవకపోయినా వచ్చింది పాపం."

మర్నాడు కల్లం మీదికొస్తే మాత్రం రాయి తీసుకున్నాను. దాయాదులన్నాక ఆ మాత్రం ఉండాలి.